మానేసినవాళ్ళ లెక్క

3 ఫిబ్రవరి 1955, నంద్యాల

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడు అడవిలో బీడీ ఆకు సరిగా దిగలేదట. నా రెండు కార్ఖానాలకూ ఇవ్వలేరట. ఉగాది నుంచి ఒక్కదానికే ఆకు. చేయి తిరిగిన మనుషులు ఎక్కడ నిలిచి పనిచేస్తున్నారో అక్కడికి ఇస్తారు, రెండోది మూసెయ్యాలి. అందుకని పోయిన ఏడాది నంద్యాలలో నూటికి ఎంతమంది పని మానేశారు, ఆళ్ళగడ్డలో నూటికి ఎంతమంది మానేశారు, లెక్క కట్టి పంపమన్నారు. వచ్చే నెల ఏజెంటు ఇస్సాకు గారు వచ్చి ఖాయం చేస్తారు.

న్యాయమైన ప్రశ్నే. మనిషి మానేస్తే ఆ చోట్లో కొత్త చేయి కూర్చోవాలి. కొత్త చేయి కత్తెర పట్టడం నేర్చుకునేలోపల గంపెడు ఆకు చింపి పారేస్తుంది. ఆకు కరువున్న ఏడాది అది ఎవరు భరిస్తారు?

నాకు రెండూ సమానమే. నంద్యాలది నేను చూసుకుంటాను, ఆళ్ళగడ్డది ఖాజా పీర్ మేస్త్రీ చూసుకుంటాడు, అంతే తేడా. నా ఇల్లు, అంగడి ఇక్కడున్నాయి కాబట్టి ఇటు మొగ్గుతానని ఎవరైనా అనుకోవచ్చు. అందుకే లెక్కతోనే పోతాను. లెక్కకు చుట్టరికం లేదు.

5 ఫిబ్రవరి

అనుకున్నంత తేలిక కాదు ఇది. మానేసినవాళ్ళ సంఖ్య తెలుసు, సరే. దాన్ని దేనితో భాగించాలి? ఏడాది మొదట్లో ఉన్నవాళ్ళతో భాగిస్తే ఒక జవాబు వచ్చింది. చివర ఉన్నవాళ్ళతో భాగిస్తే ఇంకో జవాబు. పైకే గొణుక్కుంటున్నానేమో, మా ఆవిడ కమలాక్షమ్మ పప్పులో రాళ్ళు ఏరుతూ వినింది.

"రెంటికీ నడిమధ్య పట్టు. కందిపప్పు ధర ఎవరన్నా అడిగితే అట్లనే గదా చెప్తావు" అంది.

అట్లాగే పట్టాను. ఆళ్ళగడ్డలో ఏడాది మొదట్లో ముప్పై ఎనిమిది మంది, చివర నలభై ఇద్దరు. సగటున నలభై. మానేసినవాళ్ళు ఇరవై ఆరుగురు. అంటే నూటికి అరవై అయిదు!

నంద్యాలలో మొదట యాభై ఇద్దరు, చివర నలభై ఎనిమిది. సగటు యాభై. మానేసింది ఆరుగురు. నూటికి పన్నెండు.

ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. రెండోసారి కూడా వేసి చూశాను. అవే వచ్చాయి.

ఎందుకింత తేడా అంటే, నాకు తోచింది రాసుకుంటాను. ఖాజా పీర్ మంచివాడు, కానీ మెతక. మనుషులతో కబుర్లు చెబుతాడు గాని అదుపులో పెట్టలేడు. ఇక్కడ మా బామ్మర్ది సుబ్బయ్య ఉన్నాడు. సాయంత్రం బీడీలు ఏరే బల్ల వాడిది. లావువి, సన్నవి, ముడి వదులైనవి పక్కకు తీసేస్తాడు. తీసినవాటికి కూలి ఉండదు. వాడి కన్ను గట్టిది. గట్టిగా ఉన్నచోటే మనుషులు నిలుస్తారు. లెక్క కూడా అదే చెబుతోంది.

6 ఫిబ్రవరి

అరవై అయిదు, పన్నెండు. కాగితం మీద రాసి కంపెనీకి పోస్టు చేశాను.

8 ఫిబ్రవరి

కోయిలకుంట్ల సంత. విడి బీడీలు బాగా పోయాయి. ఇంకో గంప ఉన్నా పోయేవి.

11 ఫిబ్రవరి

ఖాజా పీర్‌కు ఉత్తరం రాద్దామని కూర్చుని లేచాను. తొమ్మిదేళ్ళుగా నడుపుతున్న మనిషికి 'నీ కార్ఖానా మూసేస్తున్నాం' అని కార్డు ముక్క రాయడం బాగుండదు. రేపు నేనే పోయి చెబుతాను.

12 ఫిబ్రవరి

పొద్దున బస్సుకు ఆళ్ళగడ్డ పోయాను. ఆళ్ళగడ్డకు ఇవతల ఒక ఊళ్ళో బస్సు ఆగిపోయింది. రోడ్డంతా జనం, డప్పులు, టెంకాయలు. అహోబిలం స్వామి పారువేట పల్లకి వచ్చిందట. డ్రైవరు కూడా దిగి దండం పెట్టుకుని వచ్చాడు. జనంలోంచి ఒకామె నెత్తిన నీళ్ళబిందెతో బస్సు కిటికీ దగ్గరకు వచ్చింది.

"సావుకారా! మా ఊరికే వచ్చినావే! దిగు, దిగు, అన్నం తిని పోదువు."

ఎవరో తెలియలేదు. తెల్లమొహం వేశాను.

"నేనప్పా, భారతమ్మను. మీ ఆళ్ళగడ్డ కార్ఖానాలో రెండో వరసలో కూచుంటా గదా!"

పోయిన ఏడాది కాగితాల్లో మానేసినవాళ్ళ కింద భారతమ్మ పేరు చూసిన గుర్తు. "పని మానేసినావంట గదమ్మా?" అన్నాను.

"ఎవరు? నేనా?" అని పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇదో, ఈ సావుకారు నన్ను పనిలోంచి తీసేసినాడంట, వింటిరా!" వాళ్ళంతా ఒకటే నవ్వు. "స్వామి వచ్చినాడు, ఇంటినిండా చుట్టాలు. వాళ్ళు పోయినాక నాలుగు దినాలు మా జొన్న కోసుకుని వస్తా. నా చాట యాడికీ పోదులే" అంది. ఇంతలో బస్సు కదిలింది.

కార్ఖానాలోకి పోతే పదికి పైగా చోట్లు ఖాళీ. నా లెక్క నిజమే అనుకున్నాను. తర్వాత చూస్తే ప్రతి ఖాళీ చోట్లోనూ, ఆకూ పొగాకూ పెట్టుకుని బీడీలు చుట్టే చాట ఒకటి బోర్లించి ఉంది. దాని మీద కత్తెర.

"ఇదేంది పీరా?" అని అడిగాను.

"పారువేటకు పోయినోళ్ళవి" అన్నాడు ఖాజా పీర్. "చాట బోర్లించి పోతే చోటు వాళ్ళదే. ఆ చాట ఎవురూ ముట్టరు. మా నాయన మేస్త్రీగా ఉన్నప్పటి నుంచీ ఈడ ఇంతే."

"ఇన్ని దినాలు పోతే ఎట్లప్పా?"

"అందరూ ఒకసారే పోరు సావుకారా. పల్లకి ఏ ఊరికి పోతే ఆ ఊరోళ్ళు పోతారు. ఈ ఊరోళ్ళు వచ్చేతలికి ఆ ఊరోళ్ళు పోతారు. స్వామి తన పెండ్లికి తానే పిల్చను కొండ దిగి ఇంటికాడికి వస్తే, నేను బీడీలు చుడతాండా, మళ్ళా రాపో అని చెప్పమంటావా?"

"మరి పేర్లెందుకు కొట్టేసినావు?"

వాడు నా మొహం వంక చూశాడు. "నువ్వే గదా చెప్పినావు. ఆరు దినాలు రాకుంటే పేరు కొట్టెయ్యల్ల, వస్తే కొత్తగా రాయల్ల అని. కొట్టేసినా. వచ్చినాక రాసినా."

నేనే చెప్పాను. రెండేళ్ళ కింద. ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు వస్తాడని, పాతవాళ్ళు ఎక్కువ కనపడితే సెలవులూ అవీ ఇవ్వాలంటారని.

"ఒక్కమాట నాతో అనకూడదా పీరా?"

"నువ్వు అడగల్యా సావుకారా."

పోయిన ఏడు కొట్టేసిన ఇరవై ఆరుగురిలో నిజంగా తిరిగి రానివాళ్ళు ఎవరని అడిగాను. ఆలోచించనైనా లేదు. "ముగ్గురు. రామసుబ్బమ్మ చచ్చిపాయ. ఒకామె మొగునితో గుంటూరు దిక్కు పాయ. ఇంకొకామెకు చూపు తగ్గె. మిగతావోళ్ళంతా నీ ఎదురుగ్గానే కూచోనుండారు" అన్నాడు.

ముగ్గురు. నలభైకి ముగ్గురు అంటే నూటికి ఏడున్నర.

"ఏం పని మీద వచ్చినావు?" అని అడిగాడు తర్వాత.

ఊరకే వచ్చానన్నాను. వాళ్ళింట్లో అన్నం తిన్నాను. ఇక మీద చాట బోర్లించి పోయినవాళ్ళ పేరు కొట్టెయ్యొద్దని చెప్పి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను.

13 ఫిబ్రవరి, నంద్యాల

ఆదివారం. పోస్టాఫీసు లేదు.

14 ఫిబ్రవరి

కంపెనీకి మళ్ళా రాయాలంటే ఏమని రాయాలి? పంపిన లెక్క తప్పు కాదు. నా నియమం ప్రకారం పేరు కొట్టేస్తే మానేసినట్టే. ఇస్సాకు గారు వచ్చినప్పుడు నోటితో చెబితే సరిపోతుంది. పైగా ఏడున్నరకూ పన్నెండుకూ తేడా ఎంత? నాలుగున్నర. అదీ ఒక తేడానా? నంద్యాలకు రైలుంది. ఆకు దింపుకోవడం సులువు. కంపెనీ అదీ చూస్తుంది.

15 ఫిబ్రవరి

విశేషం లేదు.

17 ఫిబ్రవరి

ఈరోజు మధ్యాహ్నం కార్ఖానాలో ఒక మూల చాట తిన్నగా పడి ఉంది. బోర్లించలేదు. ఆళ్ళగడ్డ చూసి వచ్చాక చాటల మీదికే పోతోంది కన్ను.

"ఈడ కూచునే పిల్ల యాది?" అని అడిగాను.

మొదటి వరసలో కూర్చునే జైతున్‌బీ తలెత్తకుండానే చెప్పింది. ఈమె మా కార్ఖానా పెట్టినప్పటి నుంచీ ఉంది. "పోయిందిలే సావుకారా. వారం చేసింది."

"వారమా? నాకు తెలియనే తెలియదే."

"నీకెట్ల తెలుస్తాది? నెల నిండందే పేరు రాయరు గదా. పేరు లేనోళ్ళు వచ్చినా ఒకటే, పోయినా ఒకటే."

అది సుబ్బయ్య పెట్టిన పద్ధతి. చేయి ఎట్లాంటిదో చూసి నెల తర్వాత పేరు ఎక్కిద్దామన్నాడు. నేనూ సరేనన్నాను. ఆళ్ళగడ్డలో పీరు మొదటి రోజే రాస్తాడు. ఒక కార్ఖానాలో ఒక రకంగా, ఇంకో కార్ఖానాలో ఇంకో రకంగా రాసినవాటిని పక్కపక్కన పెట్టి లెక్క వేశానన్నమాట.

"పోయిన ఏడు ఇట్ల వచ్చి పోయినోళ్ళు ఎంతమంది ఉంటారు?" అన్నాను.

అంతే, కార్ఖానా అంతా అందుకుంది.

"గడివేముల నుంచి వచ్చె గదా, ఆ మెల్లకన్ను పిల్ల."

"అంకమ్మ."

"తోడికోడండ్లు ఇద్దరు, ఒక్క పొద్దే వచ్చి ఒక్క పొద్దే పోయిరి."

"వాళ్ళు రెండు పొద్దులు చేసిరి లేమ్మే!"

"బీబీ. బీబీ చెల్లెలు. బీబీ చెల్లెలి ఆడబిడ్డ."

"ఆ ఇంట్లో వాళ్ళ జేజి తప్ప అందరూ వచ్చి పోయినారు!"

నవ్వులే నవ్వులు. నేను వేళ్ళు మడుస్తూ పోయాను. ముప్పై దాటినాక ఆపేశాను. వాళ్ళు ఆపలేదు.

"ఎందుకు పోయినారంతా?" అన్నాను.

అప్పుడే సుబ్బయ్య గుమ్మంలోకి వచ్చి "ఏంది గోల?" అన్నాడు. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. కత్తెరల చప్పుడు తప్ప ఏం లేదు. ఇక నా ప్రశ్నకు జవాబు అక్కర్లేకపోయింది.

కాగితం మీద ఉన్న ఆరుగురు, వీళ్ళు ముప్పై అనుకున్నా ముప్పై ఆరు. యాభైకి ముప్పై ఆరు అంటే నూటికి డెబ్భై రెండు.

18 ఫిబ్రవరి

జైతున్‌బీని అంగట్లోకి పిలిపించి అడిగాను. మొదట ఏం లేదంది. తర్వాత చెప్పింది.

"పాతోళ్ళం కొట్లాడతాం సావుకారా. పదో పాతికో తీసి ఊరుకుంటాడు. కొత్తోళ్ళు నోరెత్తరు. వెయ్యి తెస్తే మున్నూరు తీసేస్తాడు. ఇంకెవరుంటారు?"

ఇంట్లో కమలాక్షమ్మతో అన్నాను, మీ తమ్ముడు ఇట్లా చేస్తున్నాడని. ఆమె రొట్టె కాలుస్తూ నా వైపు తిరగలేదు.

"ఆ బల్ల కాడ వాడిని కూచోబెట్టమని నేను చెప్పినానా?"

"నువ్వు చెప్పలేదు. వాడు చేసేది చెప్తాండా."

"వాడు తీసేసిన బీడీలు యాడికి పోతాయి?"

నేను చేయి కడుక్కోవడానికి చెంబు తీసుకున్నాను.

"కట్టలు కట్టేది ఎవురు? సంతలో అమ్మేది వాడా?" అంది. "వాడు ఎంత తీస్తే నువ్వంత మెచ్చుకుంటివి. వాడు ఇంకా తీసె."

రొట్టె పెట్టింది. తిన్నాను.

19 ఫిబ్రవరి

లేబులు లేకుండా సంతలో నేనమ్మే విడి బీడీల సంగతి వేరు. పనికిరానివి పారెయ్యకుండా తక్కువకు అమ్ముతాను. ప్రతి కార్ఖానాలోనూ ఉండేదే.

20 ఫిబ్రవరి

గోనెసంచిలో ఉన్న తీసేసిన బీడీలు ఒక దోసెడు తీసి చూశాను. వాటిలో పనికిరానివి రెండో మూడో.

21 ఫిబ్రవరి

ఈరోజు సాయంత్రం ఏరే బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. సుబ్బయ్య వచ్చి నిలబడ్డాడు.

"ఏంది బావా, నన్ను నమ్మవా?"

"నమ్ముతా. రేపట్నుంచి అంగట్లో కూచో. ఈ బల్ల నేను చూసుకుంటా."

"అంగట్లో ఉప్పూ చింతపండూ తూకం వెయ్యనా? ఇన్నేండ్లు నీకు లాభం చూపించినా. ఇప్పుడు ఈ ఆడోళ్ళ మాట మీద నన్ను లేపుతాండావు."

అందరూ వింటున్నారు. వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. "ప్రొద్దుటూరులో మా చిన్నాయన బట్టలంగడి ఉండాది. ఆడికి పోతా. నాకిక్కడ పనొద్దు" అన్నాడు. అక్క దగ్గరకు పోయి చెప్పుకున్నాడు. ఆమె ఉండమనలేదు, పొమ్మననూ లేదు. దారికి రొట్టెలు కట్టి ఇచ్చింది.

బల్ల దగ్గరకు మొదట జైతున్‌బీ వచ్చింది. ఆమె బీడీలు అన్నీ బాగున్నాయని చెప్పాను. ఆమె వాటిలోంచి ఒకటి తీసి పక్కన పడేసింది. "ఇది తీసెయ్ సావుకారా. ఇట్లాంటిది నా చేతిదంటే నాకే సిగ్గు" అంది. వెనకున్నవాళ్ళు నవ్వారు. వెయ్యికి ఇరవై, పాతిక మించి తీయాల్సినవి ఎవరి దగ్గరా లేవు.

22 ఫిబ్రవరి

కోయిలకుంట్ల సంత. పోలేదు. అమ్మడానికి ఏం లేదు.

26 ఫిబ్రవరి

మానేసినవాళ్ళను మళ్ళా పిలుద్దామని బయల్దేరాను. ఇస్సాకు గారు వచ్చేసరికి కొంతమందైనా తిరిగి వచ్చి కూర్చుంటే చెప్పుకోవడానికి బాగుంటుంది. ముందు ఆ మెల్లకన్ను పిల్ల అంకమ్మ ఇంటికి పోయాను, మంచి చేయి అని అందరూ అన్నారు కాబట్టి. ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"సుబ్బయ్య లేడమ్మా ఇప్పుడు. బల్ల కాడ నేనే ఉండా. నువ్వు మళ్ళా రావల్ల" అన్నాను.

"నా బీడీలు లావంట గదా?"

"సుబ్బయ్య అన్నాడేమో గాని..."

"సుబ్బయ్యకు లావుగా కనపడె. మా మామ కోయిలకుంట్ల సంతలో ఒక కట్ట కొనుక్కొచ్చె, ఆయనకు సన్నగానే కనపడె." చాట పక్కన పెట్టింది. "ముడి చూసినా సావుకారా. నా చేతి ముడి నాకు తెల్దా? నేను చుట్టిన బీడీ, కూలి ఇయ్యకుండా తీసేసి, మళ్ళా మా ఇంటికే అమ్మినావు."

లోపల్నుంచి ముసలాయన దగ్గుతూ "బీడీ మాత్రం బాగుండె లేమ్మే!" అన్నాడు. ఆమె నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు.

ఆ దుడ్లు ఇస్తానన్నాను. తీసుకుంది. పనికి వస్తావా అంటే, "ఉగాది పోయినాక నీ కార్ఖానా ఉంటాదా?" అంది. ఊరంతా తెలిసిపోయినట్టుంది.

ఉంటుందని చెప్పలేకపోయాను. ఇంకెవరింటికీ పోలేదు.

4 మార్చి

సుబ్బయ్య పోయినప్పటి నుంచి ఇక్కడ ఒక్కరూ మానలేదు. కొత్తవాళ్ళు ఇద్దరు చేరారు. మొదటి రోజే పేర్లు రాశాను. పదకొండు రోజులకు సున్న. ఇట్లాగే ఏడాది పోతే ఏడాదికి సున్న. ఇస్సాకు గారికి ఇది గట్టిగా చెప్పాలి.

9 మార్చి

ఇస్సాకు గారు వచ్చారు. తెల్లచొక్కా, నల్ల గొడుగు, మెల్లగా మాట్లాడే మనిషి. పొద్దున ఆయన రాకముందే కమలాక్షమ్మ అడిగింది, ఏం చెబుతావని.

"చూస్తా" అన్నాను.

"చూసేదేముంది? నిజం చెప్తే ఈ కార్ఖానా పోతాది. చెప్పకుంటే ఆ కార్ఖానా పోతాది. ఏదో ఒకటి ఇప్పుడే అనుకుని పో. ఆయన ముందర నీళ్ళు నమలద్దు" అంది.

ఇస్సాకు గారు నేను పోస్టు చేసిన కాగితం బల్ల మీద పరిచారు. "అరవై అయిదు, పన్నెండు. అనుమానమే లేదు. నంద్యాలకే రాసేస్తాను శెట్టిగారూ."

అంతా చెప్పాను. ఆళ్ళగడ్డ చాటల సంగతి, ఆరు రోజుల నియమం, ఇక్కడ నెల నిండక పేర్లు ఎక్కించని సంగతి, సుబ్బయ్య సంగతి. కోయిలకుంట్ల సంగతి కూడా. రెండు చోట్లా ఒకే పద్ధతిలో లెక్క వేస్తే ఆళ్ళగడ్డ ఏడున్నర, నంద్యాల డెబ్భై రెండు అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ కార్ఖానా మూయమని మీరే చెబుతున్నారు, తెలుస్తోందా?"

"కారణం తీసేశానండీ. ఈ మధ్య ఒక్కరు మానలేదు. దానికేమంటారు?"

"సంతోషం అంటాను. కానీ మూడు వారాలు కూడా కాలేదే. దాన్ని చూసి ఏడాదికి చెబితే కంపెనీలో నన్ను చూసి నవ్వుతారు." కాగితం నా వైపు జరిపారు. "ఇది మీ దస్తూరీ. కంపెనీ అడిగింది కాగితం మీద ఉన్న లెక్క. పేరు ఎక్కనివాళ్ళ గురించి అడగలేదు. ఇదే తీసుకుపొమ్మంటే తీసుకుపోతాను. మీరే చెప్పండి."

ఆయన మంచితనంతోనే అన్నారు. నేను ఖాజా పీర్ ఇంట్లో తిన్న అన్నం గురించి ఆలోచించానని రాసుకుంటే బాగుంటుంది గాని, అప్పుడు నాకు తోచింది అది కాదు. పోయిన ఏడు ఇక్కడ ముప్పైమంది కొత్త చేతులు చింపి పారేసిన ఆకంతా కళ్ళ ముందు కనపడింది. ఆళ్ళగడ్డలో ఆకు చింపేవాళ్ళే లేరు. వ్యాపారం తెలిసినవాడెవడూ ఉన్న ఆ కాస్త ఆకు తెచ్చి ఇక్కడ పెట్టడు.

"ఆళ్ళగడ్డకు రాయండి" అన్నాను.

ఆయన పాత కాగితం మడిచి నాకే ఇచ్చి, కొత్తది రాయించుకున్నారు. కాఫీ తాగి వెళ్ళారు.

10 మార్చి

ఖాజా పీర్‌కు రాశాను. నంద్యాల నుంచి ఎవరైనా వస్తే ఎంతమందికి చోటు చూపగలవని అడిగాను.

14 మార్చి

పీరు జవాబు. గోడ వార నులకమంచాలు తీసేస్తే పదిమందికి చోటు వస్తుందట. పారువేటకు, పీర్ల పండక్కి, కోతలకు తనవాళ్ళు పోయినప్పుడు ఆకు మిగిలి ఎండిపోతోంది, అది వీళ్ళు చుట్టుకోవచ్చట. "మా వాళ్ళను అడిగినా. సరేనన్నారు" అని రాశాడు.

15 మార్చి

కార్ఖానాలో అందరినీ ఒకచోటికి పిలిచి చెప్పాను. ఉగాదితో ఆకు ఆగిపోతుందని. ఎందుకో కూడా చెప్పాను, మానేసినవాళ్ళ లెక్క ఎక్కువైందని. ఎవరూ ఏడవలేదు, అరవలేదు. జైతున్‌బీ లేచి నిలబడింది.

"మేం పోలేదు గదా సావుకారా."

"మీరు పోలేదమ్మా."

"పోయినోళ్ళ లెక్క తీసుకుని, పోనోళ్ళను ఎందుకు పంపిస్తాండావు?"

భాగహారం చెబితే ఆమెకు అర్థం కాకపోదు. అర్థమైనా ఇదే అడుగుతుంది.

ఆళ్ళగడ్డలో పదిమందికి చోటుందని చెప్పాను. "యాడ ఆళ్ళగడ్డ, యాడ మేము! పిల్లోళ్ళను యాడ పెట్టి వస్తాం?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అదీ నిజమే.

18 మార్చి

అంకమ్మ మామ అంగడికి వచ్చాడు. బీడీలు ఉన్నాయా అని అడిగాడు. మంచివి ఒక కట్ట ఇచ్చాను, దుడ్లు వద్దన్నాను. "ఇచ్చి తీసుకోవల్ల. మా కోడలు నన్ను ఇంట్లోకి రానియ్యదు" అని బల్ల మీద పెట్టిపోయాడు.

23 మార్చి

నంద్యాల కార్ఖానా చివరి రోజు. బల్ల దగ్గర ఒక్క బీడీ కూడా తీయలేదు.

28 మార్చి, ఆళ్ళగడ్డ

అంగడి కమలాక్షమ్మకు అప్పజెప్పి నిన్ననే వచ్చాను. ఇకపై వారంలో సగం రోజులు ఇక్కడే ఉంటాను.

మధ్యాహ్నం బస్సుకు ఎదురుపోయాను. పదిమంది అనుకున్నాను, ఏడుగురు దిగారు. ముందు జైతున్‌బీ. బస్సు పైనుంచి ఆమె మూటలు దింపుతుంటే క్లీనరు "ఏంది అవ్వా, కాపురమే తెచ్చినావు" అన్నాడు.

"పని ఉండే కాడికే కాపురం. నిదానంగా దించు, కత్తెరుంది" అంది.

ఖాజా పీర్ ఏడుగురికీ చాటలు ఇచ్చాడు. చోట్లు చూపిస్తుంటే భారతమ్మ జరిగి కూర్చుని, "రా అక్కా, నా పక్కన. మీ నంద్యాలోళ్ళు బీడీలు లావుగా చుడతారంట గదా?" అంది.

"లావో సన్నమో, సాయంత్రం దాకా ఆగు, నీవీ నావీ పక్కపక్కన పెడదాం" అంది జైతున్‌బీ. ఆ వరసంతా పకపకా నవ్వింది.

వాళ్ళ పేర్లు కొత్తవాళ్ళ కింద రాయాలా అని పీరు అడిగాడు. పాతవాళ్ళ కిందే రాయమన్నాను.

4 ఏప్రిల్, ఆళ్ళగడ్డ

నెల కాగితం కంపెనీకి పంపాలి. ఆళ్ళగడ్డది తేలిగ్గా అయిపోయింది. మానేసినవాళ్ళు ఎవరూ లేరు. నంద్యాలది కూడా ఆఖరుసారి రాసి పంపాలి. సంవత్సరం మొదట్లో నలభై ఎనిమిది మంది. ఇప్పుడు ఎవరూ లేరు. మానేసినవాళ్ళు అన్న చోట రాయడానికి కలం పెట్టి ఆగాను.

"నలభై ఎనిమిది అని రాస్తే అందరూ మానేసినట్టు అవుతాది" అన్నాను పైకి.

"ఏడుగురు ఈడనే ఉండారే" అన్నాడు ఖాజా పీర్.

"సరే, నలభై ఒకటి. కొత్తగా చేరినోళ్ళు ఇద్దరు. వాళ్ళతో నలభై మూడు."

"వాళ్ళు మానేసిరా?"

"లేదు."

"మానకుంటే ఆ గడిలో ఎట్ల రాస్తావు?"

అక్కడ వేరే గడి లేదు. ఉన్నదల్లా మానేసినవాళ్ళు, చేరినవాళ్ళు, అంతే. మాన్పించినవాళ్ళకు కంపెనీ చోటు పెట్టలేదు. నేను కూడా రెండేళ్ళుగా ఈ కాగితమే నింపుతున్నాను, ఎప్పుడూ తోచలేదు.

ఆలోచించి, ఒకటి అని రాశాను. పక్కన సుబ్బయ్య పేరు రాశాను. పీరు వంగి చూసి, సుబ్బయ్య బీడీలు చుట్టేవాడు కాదు గదా అన్నాడు. కాదు. అయినా ఈ ఏడు నంద్యాలలో పనొద్దని తన నోటితో నాకు చెప్పి వెళ్ళిపోయింది వాడొక్కడే. కింద ఇంకో వాక్యం రాశాను: నలభై ముగ్గురు మానలేదు, కార్ఖానా మూసి నేను పంపేశాను.

కాగితం మడిచి పోస్టు చేసి వచ్చాను. ఇస్సాకు గారు తిప్పి పంపితే మళ్ళా ఇదే రాస్తాను.